స్టాక్ హీట్‌సింక్ అరగదీస్తే చల్లబడుద్దా? 103 కొడుతోంది, చేసినవాళ్ళు చెప్పండి

కృష్ణలంక_కట్స్
ఐ5-3470 సీపీయూ, హెచ్61 బోర్డు, 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, సీపీయూ డబ్బాలో వచ్చిన స్టాక్ కూలర్ (అల్యూమినియం రెక్కల హీట్‌సింక్, దాని మీద ఫ్యాన్). పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్ల వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఏప్రిల్ దాకా ఏ గొడవా లేదు. ఈ నెల మొదలైన దగ్గర్నుంచి ఎక్స్‌పోర్ట్ పెట్టిన పది నిమిషాలకి కోర్ టెంప్‌లో 103 చూపిస్తోంది. ఆ వెంటనే స్పీడు 3.4 గిగాహెర్ట్జ్ నుంచి ధబాలున 1.6కి పడిపోతోంది. నిన్న నలభై నిమిషాల్లో అవ్వాల్సిన పనికి రెండు గంటలు పట్టింది. పార్టీవాళ్ళు నాలుగుసార్లు ఫోన్ చేశారు, ఐదోసారి ఇంటికే వచ్చారు.

కొత్త కూలర్ కొనుక్కోమని మాత్రం చెప్పకండి. సీజన్ డబ్బులు ఇంకా చేతికి రాలేదు. ఉన్న హీట్‌సింక్‌నే ఏదో ఒకటి చేయాలి. అడుగుభాగం ఉప్పుకాగితంతో అరగదీసి అద్దంలా చేద్దామా, మధ్యలో రాగి రేకు పెడదామా, రెక్కలకి డ్రిల్లుతో చిల్లులు వేద్దామా అని ఆలోచిస్తున్నా. ఏది పని చేస్తుందో చేసి చూసినవాళ్ళు చెప్పండి.

గవర్నర్‌పేట_గాలి
గదిలో ఎంత వేడి ఉందో చెప్పకుండా 103 అంటే మేమేం చెప్తాం గురూ.

కృష్ణలంక_కట్స్
మూడో అంతస్తు, నెత్తి మీద డాబా. ఏసీ లేదు. సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే, అది పైనున్న వేడిని కిందకి దింపుతుంది. గోడ గడియారంలో థర్మామీటర్ ఉంది, మధ్యాహ్నం మూడింటికి 37.

భీమవరం_ఆయ్
ముందు ఆ డాబా మీద రెండు బిందెల నీళ్ళు చల్లండి. సీపీయూ సంగతి తర్వాత, మీరు బతకాలి కదండీ.

రాగిచెంబు
రాగి రేకే కరెక్ట్. అల్యూమినియం కంటే రాగి దాదాపు రెట్టింపు వేడి లాగుతుంది. వన్‌టౌన్‌లో పాత్రల కొట్లలో 2 ఎంఎం రేకు ముక్క తూకానికి దొరుకుతుంది. సీపీయూ సైజుకి కోయించి మధ్యలో పెట్టెయ్. నా పాత కోర్ 2 డ్యూయోకి రెండేళ్ళ క్రితమే చేశా.

అరండల్‌పేట_404
పేరుకు తగ్గ సలహా.

గవర్నర్‌పేట_గాలి
చేశావు సరే, ఎంత తగ్గింది?

రాగిచెంబు
అప్పుడు కొలవలేదు. చెయ్యి పెట్టి చూస్తే తేడా తెలిసింది.

ఫ్యాన్_తాత
మధ్యలో ఏదైనా దూర్చే ముందు వేడి ఏ దారిన పోతుందో చూడు తమ్ముడూ. చిప్పులోంచి పైనున్న మూతకి, మూత నుంచి మధ్యలో పూసే థర్మల్ పేస్ట్‌కి, పేస్ట్ నుంచి హీట్‌సింక్ అడుక్కి, అక్కడి నుంచి రెక్కలకి, రెక్కల నుంచి గాలికి. రైవస్ కాలవ లాంటిదే ఇదీ. ఒక చోట గుర్రపుడెక్క అడ్డం పడితే దిగువన ఎంత వెడల్పు చేసినా నీళ్ళు రావు. వేడిని పంపే శక్తి రాగికి 400 దాకా ఉంటుంది, అల్యూమినియానికి 235 దాకా. పేస్ట్‌కి మాత్రం మంచిదైనా ఏ 4 నుంచి 8 మధ్యో. కదలని గాలికి 0.026. అంటే ఇరుకు లోహంలో లేదు, రెండు లోహాలు కలిసే సందులో ఉంది. రేకు పెడితే ఆ సందు ఒకటి కాస్తా రెండవుతుంది. పైగా రెండు మిల్లీమీటర్ల ఎత్తు పెరిగితే కూలర్‌ని బోర్డుకి పట్టి ఉంచే ప్లాస్టిక్ పుష్‌పిన్నులు అందవు. బలవంతాన అందించావంటే బోర్డు విల్లులా వంగుతుంది.

ఇక నీ 103. 3470 అనేది 77 వాట్ల చిప్పు. 105 దగ్గరికి వచ్చేసరికి తనంతట తనే స్పీడు తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటుంది. గదికీ చిప్పుకీ తేడా నీకు 66 ఉంది. మా ఇంట్లోనూ ఇదే చిప్పు, ఇదే కూలర్. ఎంత రుద్దినా తేడా 48 దాటదు. ఎండ వల్ల నీకు కలిసింది మహా అయితే ఆరేడు డిగ్రీలు. మిగతాది ఏప్రిల్‌లోనూ ఉంది, నువ్వు చూసుకోలేదు. ఇకనుంచి చిప్పు ఎంత అని కాదు, గది కంటే ఎంత ఎక్కువ అని రాసుకో. గది 37 ఉన్నప్పుడు ఏ హీట్‌సింకూ చిప్పుని 36కి తీసుకురాలేదు.

డ్రిల్లు జోలికి వెళ్ళకు. రెక్కకి చిల్లు పెట్టడమంటే గాలికి తగిలే రేకుని నువ్వే తీసి పారేయడం.

ఫ్యాన్ విప్పి రెక్కల మధ్య ఏముందో ఫొటో పెట్టు.

మిర్చిఘాటు
రెక్కల మధ్య ఏముందో అన్నారు కాబట్టి మా కథ. గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా మావయ్యకి కమిషన్ కొట్టు ఉంది. కంప్యూటర్ బల్ల కింద ఉంటుంది, దాన్ని ఆనుకుని శాంపిల్ కాయల గోతాం. సీజన్ ఊపులో ఉండగా లెక్కల మధ్యలో ఠపీమని ఆగిపోయేది. ఈసారి నేను విప్పా. ఫ్యాన్‌కీ రెక్కలకీ మధ్య ఎర్ర కంబళి ముక్క లాంటిది, అర అంగుళం మందాన. ఉత్త దుమ్మయితే ఊదితే పోయేది. ఇది కాయ జిడ్డుకి అట్టకట్టింది.

తెలివిగా బ్లోయర్ ఆన్ చేశా. గుమస్తా, ఇద్దరు హమాలీలు, డబ్బుల కోసం కూర్చున్న రైతు ఒకాయన, అందరూ రోడ్డు మీదకి పరుగు. పావుగంట తుమ్ములు. మావయ్య కండువాతో కళ్ళు తుడుచుకుంటూ "ఇది 334 కాదురా సన్నాసీ, తేజ" అన్నాడు.

తర్వాత ఫ్యాన్ వేరు చేసి, ఒట్టి హీట్‌సింక్‌ని సబ్బునీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో తోమి, రెండు గంటలు ఎండలో పెట్టి బిగించా. 92 వచ్చేది 74కి దిగింది. బ్లోయర్ వాడేవాళ్ళు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోండి. ఊరికే తిరగనిస్తే బేరింగ్ పోతుంది, మోటారు జనరేటర్ అయ్యి కరెంటు వెనక్కి తంతుంది.

అరండల్‌పేట_404
మావయ్య కరెక్ట్. తేజ రకం మిర్చి ఘాటు వేరే లెవెల్.

బెంజిసర్కిల్_బీస్ట్
ఇవన్నీ కాదు బ్రో. లాపింగ్ చెయ్యి, అంటే అడుగు అరగదియ్యి. నాకు 14 డిగ్రీలు తగ్గింది. స్క్రీన్‌షాట్లు ఉన్నాయి.

లక్ష్మీపురం_అక్క
మొదటి స్క్రీన్‌షాట్ ఎప్పుడు తీశావు?

బెంజిసర్కిల్_బీస్ట్
ఆదివారం మధ్యాహ్నం రెండింటికి.

లక్ష్మీపురం_అక్క
రెండోది?

బెంజిసర్కిల్_బీస్ట్
అరగదీసి బిగించేసరికి తెల్లారింది అక్కా. ఐదింటికి.

లక్ష్మీపురం_అక్క
పేస్ట్ కొత్తది వేశావా?

బెంజిసర్కిల్_బీస్ట్
వేశాను మరి, పాతది తుడిచేశాగా.

లక్ష్మీపురం_అక్క
గది చల్లబడింది, పేస్ట్ మారింది, అడుగు అరిగింది. మూడు పనులు జరిగితే 14 డిగ్రీలూ ఉప్పుకాగితం ఖాతాలో రాశావు.

గవర్నర్‌పేట_గాలి
అక్క ఆడిట్ మొదలైంది. అందరూ బిల్లులు దగ్గర పెట్టుకోండి.

సైలెంట్_శీను
3470 మూత లోపల టంకం ఉండదు, పేస్టే ఉంటుంది కదా. ముందు తరం 2400, 2500 వాటికి టంకం వేసేవాళ్ళు. బ్లేడుతో మూత లేపేసి లోపల పేస్ట్ మారిస్తే అసలు సమస్యే తీరిపోతుంది.

ఫ్యాన్_తాత
మాట నిజమే. కానీ బ్లేడు వెంట్రుకవాసి లోపలికి దిగితే చిప్పు కింద పచ్చ బోర్డులో తీగలు తెగిపోతాయి. సీజన్ మధ్యలో ఉన్న ఒక్క మెషీన్ మీద ఆ ప్రయోగం వద్దు. 2002 ప్రాంతంలో 'సాకెట్-ఏ' అనే రకం బోర్డులకి కూలర్ క్లిప్పుని స్క్రూడ్రైవర్‌తో నొక్కి తగిలించాల్సి వచ్చేది. నా చెయ్యి జారి స్క్రూడ్రైవర్ బోర్డు మీద గీత గీసింది. ఆ గీత ఖరీదు అప్పట్లో నా సగం జీతం. అప్పట్నుంచి కంప్యూటర్ దగ్గర పదునైన వస్తువు ఉంటే నాకు టెన్షన్.

కృష్ణలంక_కట్స్
విప్పాను. ఫొటోలు పెట్టాను, తిట్టకండి.

రెక్కల మధ్య దుమ్ము ఉంది గానీ మిర్చిఘాటు గారి కంబళి అంత కాదు. అసలు సంగతి వేరే. నాలుగు పుష్‌పిన్నుల్లో ర్యామ్ వైపున్నది సగమే దిగి ఉంది. తెల్ల కాలు ఒకటి చీలిపోయింది. హీట్‌సింక్ ఆ మూల లేచి ఉంది. పేస్ట్ విభూతిలా రాలుతోంది, ఆ మూలన అయితే అసలు అంటుకున్న గుర్తే లేదు. దసరాకి క్లీన్ చేసింది నేనే. అప్పుడు టిక్ అని శబ్దం వచ్చిందనే అనుకున్నా.

ఫ్యాన్_తాత
దొరికాడు దొంగ.

లక్ష్మీపురం_అక్క
కొంప ముంచింది ఆ మూలే. లోహం లోహాన్ని తాకని చోట 0.026 గాలి కూర్చుంది. ఎనిమిది నెలలు లాక్కొచ్చిందంటే గొప్పే.

అరండల్‌పేట_404
పిన్ను తలల మీదుండే బాణం గుర్తు చూసి తిప్పావా తమ్ముడూ? బాణం వైపు తిప్పితే ఊడదీయడానికి. బిగించేటప్పుడు దానికి ఎదురు తిప్పి నొక్కాలి. ఎదురెదురు మూలలు జంటగా నొక్కాలి, వరసగా కాదు. బోర్డు కింద వైపు చూస్తే నల్ల మేకు తెల్ల కాళ్ళ మధ్యలోకి పూర్తిగా వచ్చి ఉండాలి. చెవితో కాదు, కంటితో చూడాలి.

కృష్ణలంక_కట్స్
నేను బాణం ఎటుంటే అటే తిప్పి నొక్కా. ఇప్పుడు ఆ చీలిన పిన్ను సంగతేంటి?

గవర్నర్‌పేట_గాలి
రిపేర్ షాపుల్లో చచ్చిన స్టాక్ కూలర్లు గంపెడు పడి ఉంటాయి. అడిగితే పిన్ను పీకి ఇస్తారు. ఒక్కటే కాదు, నాలుగూ మార్చు. ప్లాస్టిక్కు కదా, ఒకటి చీలిందంటే మిగతావీ అదే వయసువి.

సైలెంట్_శీను
పిన్నులు పీకేసి బోల్టులు పెట్టెయ్. ఎం3 బోల్టు, రెండు వైపులా నైలాన్ వాషర్, పైన బాల్‌పెన్ స్ప్రింగ్, కింద నట్టు. నాది నాలుగేళ్ళుగా అలాగే ఉంది. నీలాంటి 1155 సాకెట్ బోర్డుకి చిల్లుల మధ్య 75 ఎంఎం. 1156, 1150, 1151, 1200 అన్నిటికీ అదే కొలత, రేపు బోర్డు మారినా పనికొస్తాయి.

ఫ్యాన్_తాత
బోల్టు మంచిదే, కానీ స్ప్రింగ్ లేకుండా గట్టిగా బిగించకు. పిన్నుకి ఎక్కడ ఆగాలో తెలుసు, బోల్టుకి తెలియదు, నీ చేతికి అంతకన్నా తెలియదు.

కుర్రగుంటూరోడు
పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ వేస్తే ఇంకా తగ్గుద్ది కదా?

లక్ష్మీపురం_అక్క
వద్దు నాన్నా. అందులో గాలియం ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. స్టాక్ కూలర్ అడుగు అల్యూమినియమే. కొన్ని రోజులకి హీట్‌సింక్ తడిసిన బిస్కట్టులా చేతికొస్తుంది. ఒక్క బొట్టు బోర్డు మీద పడిందా, షార్టు.

కుర్రగుంటూరోడు
టూత్‌పేస్ట్?

ఫ్యాన్_తాత
వేసి చూశా. మొదటి రోజు బ్రహ్మాండం. వారానికి ఎండి పెచ్చులు. కంప్యూటర్‌కి మాత్రం మంచి వాసన.

పటమట_పవర్
నేను చేసిన తప్పు కూడా రాసేస్తున్నా, ఇంకెవరూ చేయకూడదని. పోయిన వేసవిలో కేబినెట్ పక్క డోరు తీసేసి ఎదురుగా వాటర్ కూలర్ పెట్టా. గడ్డి తడికెల్లోంచి చల్లగాలి నేరుగా బోర్డు మీదకి. సీపీయూ 12 డిగ్రీలు తగ్గింది. రాజులా ఫీలయ్యా. రెండు నెలలకి ల్యాన్ పోర్టు పోయింది. చూస్తే స్క్రూలన్నీ తుప్పు, పిన్నుల మీద ఆకుపచ్చ మరకలు. మనది రాజస్థాన్ కాదు, పక్కనే కృష్ణ ఉన్న ఊరు. గాల్లో ఉన్న చెమ్మ చాలదన్నట్టు నేను ఇంకా పట్టించా.

భీమవరం_ఆయ్
మా వైపు అయితే అందులో రొయ్యలు కూడా వేసేవాళ్ళం అండీ.

లక్ష్మీపురం_అక్క
పటమట గారూ, మీ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. 12 డిగ్రీలు తగ్గింది హీట్‌సింక్ మారి కాదు, లోపలికి పోయే గాలి చల్లబడి. కట్స్ తమ్ముడూ, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా ఫ్యాన్ పైన గాలి ఎంత వేడిగా ఉందో చూశావా? గది 37 అన్నావు. నీ సీపీయూ ఫ్యాన్ పీల్చేది గది గాలి కాదు, 1050 టీఐ వదిలిన గాలి.

కృష్ణలంక_కట్స్
అమ్మ వాడే జ్వరం థర్మామీటర్ డిజిటల్‌ది కేబినెట్‌లో పెట్టా. ఎర్రర్ చూపించింది.

అరండల్‌పేట_404
42 దాటితే అది మనిషి కాదనుకుంటుంది.

గవర్నర్‌పేట_గాలి
ఫ్రిజ్‌లో పెట్టే వైరున్న థర్మామీటర్ నా దగ్గరుంది. సాయంత్రం బీసెంట్ రోడ్డుకి వస్తే తీసుకో.

కృష్ణలంక_కట్స్
తీసుకున్నా, థాంక్స్ అన్నా. రెండు రోజుల లెక్క ఇదిగో. ప్రతిసారీ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు మధ్యే, అదే ఓణీల వీడియో, అరగంట నడిచాక చూసిన అంకె. అక్క భయానికి అన్నీ రాసుకున్నా.

నాలుగు పిన్నులూ మార్చి, రెక్కలు కడిగి, పాత పేస్ట్ మొబైల్ రిపేర్ వాళ్ళు వాడే ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, కొత్తది బఠాణీ గింజంత వేశా. గది 37, చిప్పు 86. తేడా 66 నుంచి 49కి వచ్చింది. స్పీడు పడలేదు. వీడియో 38 నిమిషాల్లో బయటికొచ్చింది.

సీపీయూ ఫ్యాన్ పైన గాలి 44 ఉంది. గది కంటే 7 ఎక్కువ.

ఫ్యాన్_తాత
శభాష్. ఇప్పుడు ఆ 7 మీద పడు. పెంటియం 4 ప్రెస్కాట్ రోజుల్లో, అంటే 2004లో, కేబినెట్ పక్క డోరుకి ప్లాస్టిక్ గరాటా వచ్చేది, గుర్తుందా ఎవరికైనా? డోరు చిల్లుల దగ్గర మొదలై సరిగ్గా సీపీయూ ఫ్యాన్ మీదకి వచ్చేది. కూలర్ పీల్చే గాలి 38 డిగ్రీలు మించకూడదని లెక్కకట్టి పెట్టిన గరాటా అది. జనం అందంగా లేదని పీకి పారేశారు. నీ డోరుకి ఆ చోట చిల్లులుంటే నువ్వే చేసుకో.

కృష్ణలంక_కట్స్
చిల్లులున్నాయి. దేంతో చేయను?

మిర్చిఘాటు
రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. మెడా అడుగూ కోసేస్తే మధ్య గొట్టం మిగులుతుంది. కోసిన అంచుకి ఇన్సులేషన్ టేప్ చుట్టు, లేకపోతే వేలు తెగుద్ది. ఫ్యాన్‌కి ఆనించకు, అర సెంటీమీటరు సందు వదులు. ఆనిస్తే డోరంతా ఈల వేస్తుంది.

ఆటోనగర్_లేత్
నాది కంప్యూటర్ లైను కాదు, లేత్. ఆటోనగర్‌లో షెడ్డు. మావాడి ల్యాప్‌టాప్ గురించి వెతుకుతూ ఇక్కడ ఇరుక్కున్నా. రెండు మాటలు చెప్పి పోతా.

పైన రాగి రేకు అన్నాయన, తూకానికి కొన్నది రాగేనా? నల్లబడ్డాక ఇత్తడికీ రాగికీ తేడా కనపడదు. టూల్ పెడితే బయటపడుతుంది. ఇత్తడి రవ్వలా పొడిపొడిగా రాలుతుంది. రాగి జిగురుది, టూల్‌కి అతుక్కుంటూ పొడుగు చుట్టలు చుట్టలుగా వస్తుంది. వేడి లాగడంలో ఇత్తడి అల్యూమినియంలో సగం. అంటే ఉన్నదానికంటే తక్కువది తెచ్చి మధ్యలో పెట్టినట్టు.

రెండోది, అద్దంలా మెరవడం. స్టీలు గరిటె కూడా అద్దంలా మెరుస్తుంది, చదునుగా ఉందా? మెరుపు వేరు, చదును వేరు. మేం సర్ఫేస్ ప్లేట్ (పక్కా చదునుగా ఉండే పలక) మీద ప్రష్యన్ బ్లూ రంగు పలచగా రాసి జాబ్‌ని, అంటే పని చేస్తున్న ముక్కని రుద్దుతాం. ఎత్తుగా ఉన్న చోటికే నీలం అంటుతుంది. ఇంట్లో అయితే అడుగు మీద మార్కర్‌తో అడ్డం నిలువు గీతలు గీసి, గాజు పలక మీద వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) పరిచి నాలుగుసార్లు రుద్దండి. గీత ఎక్కడ చెరగలేదో అక్కడ పల్లం. కిటికీ అద్దం వద్దు, వంగుతుంది. దళసరి గాజు కావాలి. నా దగ్గర 12 ఎంఎం ముక్క ఉంది. కావాలంటే ఇస్తా, మళ్ళీ తెచ్చివ్వాలి.

రాగిచెంబు
మాది రాగే.

బెంజిసర్కిల్_బీస్ట్
లేత్ అన్నా, నేను టైల్ మీద పెట్టి అరగదీశా. అంచులు కిందకి వాలినట్టున్నాయి ఇప్పుడు చూస్తే.

ఆటోనగర్_లేత్
చేత్తో నొక్కి రుద్దితే అంతే అవుతుంది. చెయ్యి ఊగుతుంది, అంచులు గుండ్రమవుతాయి. జాబ్ బరువు చాలు. ఇరవైసార్లు రుద్ది పావు వంతు తిప్పు, మళ్ళీ ఇరవై. 400 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 800, 1200తో ఆపెయ్. 2000 కారు పెయింటింగ్ వాళ్ళకి.

రాగిచెంబు
పాత మెషీన్ విప్పి రేకుని మేకుతో గీకి చూశా. పసుపుగా ఉంది. ఇక ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

అరండల్‌పేట_404
వదలం.

గవర్నర్‌పేట_గాలి
చెయ్యి పెట్టి చూస్తే తేడా తెలిసిందన్నావు కదా గురూ. తెలిసే ఉంటుంది, వేరే వైపుకి.

లక్ష్మీపురం_అక్క
పాపం వదిలేయండి, ఒప్పుకున్నాడు కదా. నా పరువు కూడా తీసుకుంటా. ఏఎమ్‌డీ వాళ్ళ ఏఎమ్4 బోర్డు మీద కూలర్‌ని చల్లగా ఉన్నప్పుడు నిలువుగా లాగా. పేస్ట్ జిగురులా పట్టి, లాక్ వేసున్న సాకెట్‌లోంచి సీపీయూ కూడా పైకి వచ్చేసింది. పిన్నులు సీపీయూకే ఉంటాయి వాటికి. తొమ్మిది వంగాయి. మెకానికల్ పెన్సిల్ మొనతో రాత్రంతా నిలబెట్టా. కాసేపు నడిపి వేడెక్కించి, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలని తర్వాత తెలిసింది.

సైలెంట్_శీను
ఎన్ని బతికాయక్కా?

లక్ష్మీపురం_అక్క
అన్నీ. ఇప్పుడు రాస్తున్నది దాని మీద నుంచే.

కృష్ణలంక_కట్స్
సీసా గొట్టం పెట్టా. గది 36, చిప్పు 79. తేడా 43. ఫ్యాన్ పైన గాలి 44 నుంచి 37కి దిగింది. ఇందులో ఖర్చు టేపు ఒక్కటే. సీసాలో డ్రింకు తమ్ముడు తాగేశాడు. అది కూడా ఖర్చులో రాయాలా అక్కా?

లక్ష్మీపురం_అక్క
రాయాలి.

కృష్ణలంక_కట్స్
ఇంతవరకు వచ్చా కదా, అరగదీయకపోతే నిద్ర పట్టదు. లేత్ అన్న దగ్గర గాజు తెచ్చా, వాటర్ పేపర్లు కూడా ఆయనే ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. మార్కర్ గీతలు గీసి రుద్దితే మధ్యలో ఐదు రూపాయల బిళ్ళంత మేర చెరగలేదు. అంటే మధ్యలో పల్లమే. ఫ్యాక్టరీలో లేత్ మీద తీసిన గుండ్రటి గీతలు కూడా వేలితో తడిమితే తెలుస్తున్నాయి, గ్రామఫోన్ రికార్డులా.

ఆటోనగర్_లేత్
నీళ్ళలో రెండు చుక్కలు అంట్లు తోమే లిక్విడ్ వెయ్యి, పేపర్ పూడుకుపోదు.

ఫ్యాన్_తాత
సీపీయూ మూత మాత్రం అరగదీయకు. దాని మీద పేరు పోతే రేపు అమ్ముకోవడానికి కూడా పనికిరాదు.

లక్ష్మీపురం_అక్క
అరగదీయక ముందు ఒకసారి ఊరికే విప్పి, కొత్త పేస్ట్ వేసి, మళ్ళీ కొలువు. లేకపోతే బీస్ట్ లెక్కే అవుతుంది.

బెంజిసర్కిల్_బీస్ట్
నా పేరు సామెత అయిపోయింది.

కృష్ణలంక_కట్స్
చెప్పినట్టే చేశా అక్కా. ఊరికే విప్పి బిగిస్తే అదే 43. తర్వాత అరగదీయడం మొదలుపెట్టా. మూడు గంటలు. అరచెయ్యి బొబ్బలు. నీళ్ళు పాదరసంలా బూడిదరంగు అయ్యాయి. ఆఖరికి మార్కర్ గీతలన్నీ ఒకేసారి చెరిగాయి.

గది 37, చిప్పు 78. తేడా 41.

అరండల్‌పేట_404
మూడు గంటలకి రెండు డిగ్రీలు. గంటకి ఎంత పడింది?

కృష్ణలంక_కట్స్
నవ్వండి. మా తమ్ముడు కూడా ఇదే అడిగాడు.

ఆటోనగర్_లేత్
పల్లం పోయింది కదా. ఆ రెండూ ఎక్కడికీ పోవు, పేస్ట్ ఎండినా ఉంటాయి.

లక్ష్మీపురం_అక్క
ఇంకొకటి. రూపాయి ఖర్చు లేదు, బొబ్బలు కూడా రావు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 బదులు 99 పెట్టు. టర్బో, అంటే చిప్పు తనంతట తనే స్పీడు పెంచుకోవడం, ఆగిపోయి 3.2 దగ్గర నిలబడుతుంది. ఆఖరి రెండు వందల మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజీ బాగా పెంచుతుంది చిప్పు. వేడి వోల్టేజీకి వర్గంలో పెరుగుతుంది, పది శాతం తగ్గిస్తే పంతొమ్మిది శాతం తగ్గినట్టు.

బెంజిసర్కిల్_బీస్ట్
స్పీడు తగ్గించుకోవడం కూడా ఒక మాడ్ అంటారా అక్కా? ఇది కూలింగ్ టాపిక్.

లక్ష్మీపురం_అక్క
మధ్యాహ్నం పూట బయటికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చోవడం కూడా ఎండ నుంచి కాపాడుకోవడమే.

ఫ్యాన్_తాత
ఈ ఒక్కదాంట్లో బీస్ట్‌తో నేనూ ఉన్నా. 79కే చిప్పుకి ఏమీ కాదు. తక్కువ అంకె చూసుకుని మురిసిపోవడానికి పని నిదానం చేసుకోవడం దేనికి? స్పీడు పడిపోనంత వరకు 79 అయినా 72 అయినా వీడియోకి ఒకటే.

లక్ష్మీపురం_అక్క
చిప్పుకి ఏమీ కాదు మాస్టారూ, ఒప్పుకుంటా. చుట్టూ ఉన్న బోర్డు పదేళ్ళు దాటినది. కెపాసిటర్లు ఆ వేడిలోనే ఉడుకుతున్నాయి. అవి పోతే పిన్ను మార్చినంత తేలిక కాదు.

ఫ్యాన్_తాత
అదీ నిజమే. రోహిణి కార్తె పోయేదాకా 99 పెట్టుకో తమ్ముడూ, వానలు పడ్డాక తీసెయ్.

కృష్ణలంక_కట్స్
పెట్టా. గది 37, చిప్పు 72. వీడియో 38 నిమిషాలది 41 అయింది. మూడు నిమిషాలకి పార్టీవాళ్ళు ఫోన్ చేయరు. ఫ్యాన్ రొద కూడా సగమైంది. ఇన్నాళ్ళూ అది సీలింగ్ ఫ్యాన్ శబ్దం అనుకుంది అమ్మ.

ఇత్తడిచెంబు
పేరు మార్చుకున్నా. ఇక సంతోషమేనా?

అరండల్‌పేట_404
చాలా.

గవర్నర్‌పేట_గాలి
కట్స్, నా ఫ్రిజ్ థర్మామీటర్?

కృష్ణలంక_కట్స్
రేపు ఇస్తా అన్నా. లేత్ అన్నా, గాజు పలక తెచ్చాను, మీ షెడ్డు షట్టర్ వేసుంది. ఎండలో నిలబడి ఉన్నా.

ఆటోనగర్_లేత్
భోజనానికి వెళ్ళా. పక్కన రేడియేటర్ల షాపులో ఇచ్చి వెళ్ళు. నిలువుగా పెట్టమను, పడుకోబెడితే ఎవడో ఒకడు దాని మీద టీ గ్లాసు పెడతాడు. వాటర్ పేపర్లు ఉంచుకో.